గాలి మళ్లే నెలలో భీమిలి రోడ్డు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

శరదృతువులో ఒంటరిగా సైకిల్ మీద దూరం వెళ్తున్నప్పుడు మనసులో ఏం నడుస్తుందో చెప్పమన్నారు. ఆ దారిలో నా ధ్యాస ఎక్కువగా గాలి మీదే ఉంటుంది. కాబట్టి ఈ సాయంత్రం గాలి గురించే మాట్లాడతాను.

మన విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లే రోడ్డు కూడా అదే వాలులో నడుస్తుంది. వానాకాలమంతా నైరుతి గాలి వీపు మీద చెయ్యేసి ముందుకు తోస్తుంది. ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చేసరికి అదే రోడ్డు మీద గాలి ఎదురొస్తుంది. ఎండాకాలంలో వేడెక్కిన ఆసియా భూభాగం సముద్రం మీది గాలిని లోపలికి లాక్కుంటుంది. వానలు వెనక్కి తగ్గాక ఆ నేల చల్లబడి, గాలిని తిరిగి సముద్రం వైపు పంపుతుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి కుడికి ఒరిగి, మన దగ్గరకు ఈశాన్యం నుంచి చేరుతుంది. హిమాలయాలకు అవతల నేల చల్లబడిందన్న సంగతి రుషికొండ ఎత్తు ఎక్కుతున్న మోకాళ్లకు తెలుస్తుందంటే, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఎదురుగాలి ఎంత బరువో చిన్న లెక్కలో చెబుతాను. గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గాలి లేని రోజు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామనుకోండి. అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే, ముఖానికి తగిలే గాలి వేగం 40 అవుతుంది, అడ్డుకునే బలం నాలుగు రెట్లవుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే ముఖానికి ఏమీ తగలదు. అప్పుడు గాలే లేదనిపిస్తుంది, మన కాళ్లలోనే ఇవాళ కొత్త సత్తువ వచ్చిందనిపిస్తుంది. ఇంకో సంగతి. ఎదురుగాలిలో పోగొట్టుకున్న సమయాన్ని తిరుగు ప్రయాణం పూర్తిగా తిరిగివ్వదు. వెళ్లేటప్పుడు 12, వచ్చేటప్పుడు 24 వేగంతో తొక్కితే, సగటు 18 కాదు, 16. నెమ్మదిగా వెళ్లే దారిలోనే ఎక్కువసేపు ఉంటాం మరి.

ఒంటరిగా ఎందుకు వెళ్తావని ఇంట్లోవాళ్లు, స్నేహితులు అడుగుతూనే ఉంటారు. గుంపుగా వెళ్లడం నాకిష్టమే. అయితే గుంపులో ముందున్నవాడి వెనక చక్రానికి దగ్గరగా పోతే, గాలి భారంలో మన వంతు కొంత అతనే మోస్తాడు. వంతులవారీగా ముందుకొస్తూ ఆ బరువును పంచుకోవడం అందమైన పద్ధతి. కానీ ఈ ఋతువు ఎలా ఉందో తెలుసుకోవాలంటే, ముందు ఎవరూ ఉండకూడదు. ఒంటరివాడికి చాటు లేదు. మొదటి గంటలో ఆఫీసు పనులు, ఎవరికో చెప్పాల్సిన సమాధానాలు బుర్రలో తిరుగుతాయి. సాగర్‌నగర్ దాటి ఎదురుగాలి గట్టిపడ్డాక అంత పొడుగు ఆలోచనలకు ఊపిరి చాలదు. ఒక్కో మాటే మిగులుతుంది. నీళ్లు. తాటిచెట్టు. మలుపు. రోడ్డు పక్క పల్లంలో తెల్లగా పూసిన రెల్లు. రెల్లు ఎటు ఒరిగిందో చూస్తే చాలు, గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పొచ్చు.

మంగమారిపేట దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకసారి నన్ను చూసి, "గాలి మళ్లిపోనాది బాబూ, నెమ్మదిగా ఎల్లండి" అన్నాడు. ఆయనకు ఆ మాట వాతావరణ వార్త కాదు. గాలి మళ్లితే తీరం వెంబడి నీళ్లూ మళ్లుతాయి. వేసవిలో ఉత్తరానికి పారే తీరపు ప్రవాహం ఈ రోజుల్లో దక్షిణానికి దిగుతుంది. అలలు తోసే ఇసుక కూడా దిక్కు మారుస్తుంది. అయితే ఏడాది మొత్తం లెక్క వేస్తే ఇసుక ఎక్కువగా ఉత్తరానికే కదులుతుంది. దక్షిణాన హార్బర్ కట్టడాలు దానికి అడ్డు కాబట్టి, ఆర్కే బీచ్‌కు రావాల్సిన ఇసుక అక్కడే ఆగిపోతుంది. అందుకే పోర్టు దగ్గర తవ్విన ఇసుకను గొట్టాలతో తెచ్చి బీచ్‌లో పోస్తున్నారు. మనం సాయంత్రాలు కూర్చునే ఇసుక అలా వచ్చిందని పిల్లలకు బడిలోనే చెప్పాలని నా కోరిక.

తొట్లకొండ మలుపు దగ్గర నేను తప్పకుండా ఆగుతాను. సుమారు రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులుండేవారు. 1976లో నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేసినప్పుడు ఆ చోటు బయటపడింది, తర్వాత తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే ఈ కొండ కింది సముద్రం మీద సరుకు నడిచింది. ఆ రోజుల్లో తెరచాప ఓడకు గాలే దిక్కు. నైరుతి గాలితో తూర్పు దేశాలకు పోవాలి, గాలి మళ్లాక తిరిగి రావాలి. భిక్షువుల జీవితమూ ఇదే ఋతువుతో ముడిపడి ఉండేది. వానల నెలల్లో ఒకచోట వర్షావాసం ఉండి, అది ముగిశాక మళ్లీ కాలినడకన సంచారానికి బయలుదేరాలన్నది వాళ్ల నియమం. శరత్తులో ఒంటరిగా దారి పట్టడం ఈ తీరానికి కొత్త కాదు. ఆ కొండ పక్కన పెడల్ తొక్కుతున్నప్పుడు నాకు ముందే ఎవరో నడిచి వెళ్లినట్టుంటుంది.

ఇక భీమిలికి ముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బలు. అవి కూడా గాలి పేర్చినవే. హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా కిందికి దిగింది. బయటపడ్డ మేర ఇసుకను గాలి ఎత్తి ఒడ్డున పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది, వానలు కోసి లోయలు చేశాయి. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మన ప్రాంతంలో తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి, ఇంకెక్కడా పెద్దగా లేవు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు ఉన్నా అంచులు తవ్వుకుపోవడం, చదును చేయడం చూస్తుంటే కడుపు రగిలిపోతుంది. వేల ఏళ్లు గాలి చేసిన పనిని ఒక యంత్రం మధ్యాహ్నంలోగా ముగించేస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను: ఆ దిబ్బల చుట్టూ అంగుళం కూడా కదపకూడదు.

అదే 2014లో, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మీలో చాలామంది ఆ ఆదివారాన్ని ఇళ్లలో తలుపులు నొక్కిపట్టుకుని గడిపారు. గంటకు 180 కిలోమీటర్ల గాలి. కొండలన్నీ మంటల్లో మాడినట్టు గోధుమరంగులోకి తిరిగాయి, సరుగుడు తోటలు పడుకున్నాయి. అది వచ్చింది ఈ ఋతువులోనే. నైరుతి వెళ్లిపోయి, బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉండే ఈ సంధిలోనే మన తుఫానుల్లో చాలావి పుడతాయి. అందుకే శరత్తు అనగానే వెన్నెల, తామరలు మాత్రమే తలుచుకోవడం నాకు సరిపోదు. నిర్మలమైన ఆకాశం కింద పెడల్ తొక్కుతున్నప్పుడు కూడా తూర్పు అంచు వైపు చూపు పోతుంటుంది.

నేను సాధారణంగా భీమిలిలో టిఫిన్ చేసి, తగరపువలస దగ్గర గోస్తనీ దాటి, భోగాపురం వైపు వెళ్తాను. రానూపోనూ 100 కిలోమీటర్లకు దగ్గర. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగివచ్చే ఆ నది వానల తర్వాతే నిండుగా కనిపిస్తుంది. వంతెన మీద ఒక్క నిమిషం ఆగితే, కొండనీళ్లు సముద్రం వైపు పోతుంటే గాలి సముద్రం నుంచి కొండల వైపు వస్తుంటుంది. నేను ఎక్కువసేపు నిలబడి చూసే చోటు అదే.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. కార్తీకంలో తెల్లవారకముందే బయలుదేరండి, సముద్రపు గాలి పొద్దెక్కాక బలపడుతుంది. ఉత్తరం వైపు ముందు వెళ్లండి, అలసిన కాళ్లకు తిరుగుదారిలో గాలి సాయం ఉంటుంది. వెనక ఎర్ర దీపం తప్పనిసరి, బీచ్ రోడ్డులో ఆదివారం పొద్దున్న కార్లు వేగంగా పోతాయి. దిబ్బల దగ్గర ఆగితే సైకిల్ రోడ్డు మీదే ఉంచి, అంచుల మీదకు ఎక్కకుండా కింది దారిలోనే నడవండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లోనే ఉండండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.