స్పానిష్‌లో నోరు తెరిపించే యాప్ ఇదేనా? వాడి చూసి చెప్తున్నా

హాయ్ అండి అందరికీ, వైజాగ్ నుంచి మళ్ళీ వచ్చేశా. ఈరోజు స్పానిష్ నేర్పించే ఒక యాప్ గురించి, పేరు స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా, అదే. ముందే చెప్పేస్తున్నా, వాళ్ళు నాకు ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు, డబ్బులైతే ఏమీ ఇవ్వలేదు, వీడియో పెట్టే ముందు మాకు చూపించండి అని కూడా అడగలేదు. ధర ఎంత, ఎన్ని లెసన్లు, నెట్ లేకపోతే పనిచేస్తుందా లేదా, ఇవన్నీ మీరు ఈపాటికి వేరే ఛానల్స్‌లో చూసేసి ఉంటారు, మళ్ళీ నేను చదివితే మీకూ బోరు నాకూ బోరు. నేను దాదాపు ఒక్క ఫీచర్ గురించే మాట్లాడతా, ఎందుకంటే ఈ యాప్‌లో నాకు పనికొచ్చింది అదే, మిగతాది వేరే ఎక్కడైనా దొరుకుతుంది.

కింద మైక్ బొమ్మ ఉంటుంది చూడండి, దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది. అక్షరం ఉండదు, బొమ్మ ఉండదు, ఆప్షన్లు ఉండవు. గొంతు ఒక్కటే వినిపిస్తుంది. మీరు మాట్లాడాలి, అంతే. రండి, ఒకసారి చేసి చూపిస్తా, ఇప్పుడు మనం కాఫీ షాప్‌లో ఉన్నాం అనుకోండి.

"కే దెసేయా?" అంటోంది, ఏం కావాలి అని. నేను "ఉన్ కఫే కొన్ లేచే, పోర్ ఫవోర్." పాలు కలిపిన కాఫీ ఒకటి. "ఆల్గో మాస్?" ఇంకేమైనా? "నాదా మాస్, గ్రాసియాస్. క్వాంతో ఎస్?" ఇంకేం వద్దు, థాంక్స్, ఎంతయింది? ఇప్పుడు చూడండి, అది రేటు గబగబా చెప్పేస్తుంది... విన్నారా, నాకూ అందలేదు. అందకపోతే ఏం చెయ్యాలో చూడండి. "పెర్దోన్, మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్." కొంచెం మెల్లగా చెప్పండి. చెప్పింది కదా మెల్లగా! నాకు ఈ ఫీచర్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇందుకే.

చూడండి, మనలో చాలామందికి కొత్త భాషలో భయం ఎక్కడంటే పదాలు రాకపోవడం దగ్గర కాదు, అవతలివాళ్ళు అన్నది అర్థం కాని ఆ ఒక్క క్షణం దగ్గర, ఇంగ్లీష్‌లో కూడా మనకి జరిగింది ఇదే కదా, పదేళ్ళు స్కూల్లో వాయిస్‌లూ టెన్స్‌లూ అన్నీ రాసి, మార్కులు కూడా తెచ్చుకుని, ఆ తర్వాత ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌కి ఫీజు కట్టినవాళ్ళు ఎంతమంది లేరు. చదవడం వచ్చు, రాయడం వచ్చు, ఎదురుగా మనిషి నిలబడితే గొంతు పెగలదు. స్పానిష్‌లో మళ్ళీ అదే దారిలో వెళ్ళొద్దు అని నా బాధ. మొదటి వారంలోనే మీకు రావాల్సినవి రంగుల పేర్లూ జంతువుల పేర్లూ కాదండి. "నో ఎంతియెందో", నాకు అర్థం కాలేదు. "ప్వేదె రెపెతీర్?", మళ్ళీ చెప్తారా? "కోమో సే దీసే...?", దీన్ని ఏమంటారు? ఇంకా ఆ మాస్ దెస్పాసియో. ఈ నాలుగూ నోటి చివర ఉంటే అర్థం కాకపోయినా మాట ఆగిపోదు, అవతలి మనిషి మనతోనే ఉంటాడు. ఈ యాప్ మొదటి లెసన్‌లోనే ఇవి పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, కావాలనే మధ్యలో ఒక స్పీడ్ వాక్యం వదులుతుంది, మనతో ఇవి వాడించడానికి.

ఇంకో సంగతి తెలుసా, భాష ఎంత వచ్చో చెప్పడానికి ఏ1, ఏ2 అని లెవెల్స్ వింటారు కదా, అవి కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే యూరప్ దేశాల సంస్థ 2001లో అచ్చేసిన పద్ధతి. అందులో మొదటి మెట్టు ఏ1 అంటే ఏంటో రాసింది చూస్తే, అవతలివాళ్ళు మెల్లగా, స్పష్టంగా మాట్లాడి సాయం చేస్తే మామూలు విషయాలు మాట్లాడగలగడం, అంతే. అంటే మెల్లగా చెప్పమని అడగడం ఆ లెవెల్‌లోనే ఉంది, సిగ్గుపడక్కర్లేదు.

ఆ నల్ల స్క్రీన్‌లో ఇంకొకటి నచ్చింది, తప్పు మాట్లాడితే మధ్యలో ఆపదు. ఉదాహరణకి వయసు చెప్పాలి, ఇంగ్లీష్ అలవాటుతో నాకు ఇరవై ఎనిమిదేళ్ళు అనడానికి "యో సోయ్ వేయింతీయోచో ఆన్యోస్" అనేస్తాం, నిజానికి స్పానిష్‌లో అక్కడ సోయ్, అంటే ఐ యామ్, రాదు, తెంగో, అంటే ఐ హావ్, రావాలి. యాప్ ఏమంటుందంటే "ఆ, తియెనెస్ వేయింతీయోచో ఆన్యోస్!" అని సరైన క్రియతో మనకే తిరిగి చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతుంది. చిన్నపిల్లలు తప్పుగా అంటే అమ్మ అదే మాట సరిగ్గా అని కబుర్లు కొనసాగిస్తుంది చూడండి, అలాగ. ఒకే తప్పు పదే పదే వస్తే చివర్లో ఒకసారి చూపిస్తుంది, అది కూడా రెండు లైన్లు.

మళ్ళీ మళ్ళీ గుర్తు చేసే పద్ధతి కూడా బాగా పెట్టారు. కొత్త మాట చెప్పించి కొన్ని సెకన్లకే మళ్ళీ అడుగుతుంది, తర్వాత ఓ అర నిమిషానికి, తర్వాత కొన్ని నిమిషాలకి, మర్నాడు, అలా గ్యాప్ పెంచుకుంటూ పోతుంది. ఇది పాల్ పిమ్‌స్లూర్ అని భాషలు ఎలా నేర్చుకుంటామో పరిశోధించిన ఒకాయన 1967లో రాసిన లెక్క, ఆయన 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు అని మొదలుపెట్టి 2 ఏళ్ళ దాకా తీసుకెళ్ళాడు. యాప్‌వాళ్ళు దాన్ని మక్కీకి మక్కీ దించలేదు గానీ ఆలోచన మాత్రం అక్కడిదే.

నేను ఎక్కువగా పొద్దున్నే బీచ్ రోడ్ మీద వాడతా, వాకింగ్ వాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు కదా ఆ టైమ్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడుస్తూ గట్టిగానే మాట్లాడతా, ఎవరూ పట్టించుకోరు, అందరూ ఫోన్లో మాట్లాడుతుందిలే అనుకుంటారు. ఇంట్లో చేస్తే మాత్రం వంటగదిలోంచి అమ్మ "ఏటే, ఎవరితోనే ఆ మాటలు" అంటుంది. గట్టిగా అనడం ముఖ్యమండి, మనసులో అనుకుంటే నోటికి రాదు.

ఆఫీసులో నాకు మెక్సికో టీమ్‌తో కాల్స్ ఉంటాయి. మీటింగ్ అంతా ఇంగ్లీషే, కానీ అందరూ జాయిన్ అయ్యేలోపు వాళ్ళు స్పానిష్‌లో కబుర్లు చెప్పుకుంటారు, ఇదివరకు ఆ కాసేపూ నేను మ్యూట్‌లో ఉండేదాన్ని. మొన్న ఒకాయన వీకెండ్ గురించి చెప్తుంటే "ఈ కే తాల్ లా ప్లాయా?" అని అడిగా, బీచ్ ఎలా ఉంది అని. ఆయన ఒక్క సెకను ఆగి, ఆ తర్వాత ధారగా మొదలుపెట్టేశాడు, సగం అందలేదు, మాస్ దెస్పాసియో అన్నా, వెంటనే మెల్లగా చెప్పాడు, మా దగ్గర కూడా సముద్రం ఉంది అని "ఆకీ తంబియెన్ ఆయ్ మార్" అని చెప్పా. ఆ రోజు మీటింగ్‌లో ఇంగ్లీష్ కూడా ధైర్యంగా మాట్లాడా, నిజం.

సరే, ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన విషయం. ఉచ్చారణ లెసన్లు. ఇవి పూర్తిగా అమెరికావాళ్ళ కోసం చేశారు. "ఓ అనేటప్పుడు చివర్లో ఔ అని సాగదీయకండి", "త అనేటప్పుడు గాలి వదలకండి" అని పేజీలకి పేజీలు. మనం ఎక్కడ సాగదీస్తాం చెప్పండి? స్పానిష్‌లో అచ్చులు ఐదే, అ ఎ ఇ ఒ ఉ, ఐదూ మన నోట్లో పుట్టుకతో ఉన్నాయి. వాళ్ళ త మన త, ట కాదు. ప, క కూడా గాలి లేని మన ప, క. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, మనకి అలవాటే. అమెరికావాళ్ళు ఏళ్ళు కష్టపడే ర్ర శబ్దం, "కారో" అంటే ఖరీదైనది, "కార్రో" అంటే లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కారు, ఆ తేడా మనం గొర్రె, కర్ర, బుర్ర అన్నంత తేలిగ్గా పలుకుతాం. మనకి నిజంగా కొత్తది గొంతులోంచి వచ్చే ఆ ఖ లాంటి శబ్దం, జె అక్షరానిది, "త్రబాఖో" అన్నప్పుడు వస్తుంది, ఇంకా రెండు అచ్చుల మధ్య మెత్తబడిపోయే ద. వాటి మీద ఒక్క నిమిషం లేదు. ఇంగ్లీష్ ద్వారా నేర్చుకుంటే మనవాళ్ళు ముందు ఇంగ్లీష్ యాస తెచ్చుకుని, టాకో అని ట పెట్టి, తర్వాత దాన్ని వదిలించుకోవాలి, ఎందుకండి ఈ గోల.

వాక్యం కూడా అంతే. "మే గుస్తా ఎల్ కఫే" అనేదాన్ని ఇంగ్లీష్‌లో వివరించడానికి మూడు పేజీలు రాశారు, అది అచ్చంగా నాకు కాఫీ నచ్చుతుంది, అయిపోయింది. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడుతుంది, నేను నువ్వు అని ముందు చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది. తూ, ఉస్తెద్ కూడా మన నువ్వు, మీరు. తెలుగువాళ్ళకి ఇన్ని కలిసొచ్చే భాషకి తెలుగులో వివరణ ఒక్క ముక్క పెట్టలేదంటే నాకు కోపమే వస్తుంది.

దానికి తోడు ఆ లెసన్లలో వందకి మార్కులు, తక్కువొస్తే ఎర్ర రంగు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే మార్కులు తగ్గుతాయి, ఫ్యాన్ ఆపేస్తే పెరుగుతాయి, నేను అదే మాట అదే గొంతుతో అని చూశా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎర్ర రంగు చూపించి ఏం సాధిస్తారు? అక్కడ నల్ల స్క్రీన్‌లో కట్టిన ధైర్యం ఇక్కడ పడగొడుతున్నారు.

ఇంతకు ముందు నేను ఒక ఫ్రీ యాప్ వాడా, బొమ్మకి పదం కలిపే ఆటలు, పేరు చెప్పను, ఆడుతున్నంతసేపు బావుంటుంది, నోరు మాత్రం తెరవక్కర్లేదు. లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ పేరు మాత్రం సంతోషంగా చెప్తా, స్పానిష్ కోర్సు 90 ఆడియో ట్రాక్‌లు, పూర్తిగా ఉచితం, ఒక టీచర్, ఒక స్టూడెంట్ మాట్లాడుకుంటుంటే ప్రతి ప్రశ్న దగ్గర పాజ్ చేసి మనం జవాబు చెప్పాలి. డబ్బులు పెట్టలేనివాళ్ళు దానితో మొదలుపెట్టండి, ఏ లోటూ లేదు. క్లాసు, సర్టిఫికెట్ కావాలంటే ఢిల్లీలో ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఉంది, స్పెయిన్ ప్రభుత్వానిది.

మరి కొనాలా? నేను కొంటా. ఫ్రీ ప్రీమియం అయిపోయాక నా డబ్బులతోనే కడతా, ఆ నల్ల స్క్రీన్ ఒక్కదాని కోసం. ఏడాది ప్లాన్ వద్దు, నెల ప్లాన్ తీసుకోండి. గొంతు ఎంచుకోమన్నప్పుడు మెక్సికోదో స్పెయిన్‌దో ఏదో ఒకటి పట్టుకోండి, గ్రాసియాస్, గ్రాథియాస్ రెండూ కరెక్టే, మొదట్లో కలపకండి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ స్కోర్ చూపించేది ఆఫ్ చెయ్యండి, ఉచ్చారణ లెసన్లు మొత్తం వదిలేయండి. యాప్‌వాళ్ళు ఈ వీడియో చూస్తే, ఆ లెసన్లు తెలుగువాళ్ళ కోసం మళ్ళీ రాయండి, రాయడానికి మనుషులు కావాలంటే ఈ ఊళ్ళోనే దొరుకుతారు. లింక్ కింద పెట్టా, అందులో నాకు కమీషన్ లేదు.