బుట్టలో పడ్డవన్నీ మగవే

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇందాక ఉలవపాడు తోటలో పండు ఈగలను పట్టే బుట్ట విప్పి చూశాం కదా. గుప్పెడు ఈగలు. వాటిలో ఒక్కదానికీ తోక చివర గుడ్లు పెట్టే సూది లేదు. అంటే అన్నీ మగవే. కాయను పొడిచే ఆడది హాయిగా బయటే ఉంది.

దీన్ని లింగాకర్షక బుట్ట అంటాం. నాకు ఆ పేరు నచ్చదు. వింటే లోపల ఆడ ఈగ వాసన పెట్టారనుకుంటాం. అందులో ఉన్నది మిథైల్ యూజినాల్ అనే నూనె. కృష్ణ తులసి ఆకులోనూ ఉంటుంది. ఈ ఈగల్లో వాసనతో పిలిచేది మగది. ఈ నూనె నాకి, ఒంట్లో మార్చుకుని, తోక దగ్గరి గ్రంథిలో దాచుకుంటుంది. పొద్దువాలే వేళ రెక్కలు ఆడిస్తూ వదులుతుంది. ఆ వాసనకి ఆడది వస్తుంది. మగది మన బుట్టకొచ్చేది ఆడదాని కోసం కాదు, అత్తరు సరుకు కోసం!

బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త 1912లోనే దీని మొదటి ముడి విప్పాడు. సిట్రొనెల్లా అనే గడ్డి నూనెకు ఈగలు మూగుతున్నాయి, చూస్తే అన్నీ మగవే.

మామిడి, జామ తోటల్లో తిరిగే డోర్సాలిస్, కరెక్టా అనే రెండు జాతుల పండు ఈగలు దాయాదులు. రెండూ ఈ నూనెకే వస్తాయి. కానీ తిన్నాక డోర్సాలిస్ చేసుకునే కోనిఫెరిల్ ఆల్కహాల్ అనే అత్తరు ఒక వంపు, కరెక్టా చేసుకునేది ఇంకో వంపు. అణువులో ఉన్న పరమాణువులన్నీ అవే, ఒక్కచోట మలుపు తేడా. సరుకు ఒకటే, వంట వేరు.

దోస, కాకర పాదుల ఈగ మాత్రం ఈ నూనె మొహం కూడా చూడదు. దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర పెట్టాలి. మామిడి బుట్ట తెచ్చి కాకర పందిరికి కట్టి, ఈగలు పడలేదని షాపువాడి మీద కేకలేసిన వాళ్లను చూశాను.

బుట్ట నిండితే పీడ పోయినట్టేనా అని ముందు వరసలో పెద్దాయన అడుగుతున్నారు. కాదు పెద్దాయనా. ఒక్క మగది మిగిలినా చాలా ఆడవాటితో కలుస్తుంది. అందుకే కాయ పచ్చిగా ఉన్నప్పుడే, పక్క తోటల వాళ్లతో కలిసి కట్టాలి. రాలిన కాయ ఏరి పూడ్చకపోతే లోపలి పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది.

ఇంకేమన్నా అడగాలంటే అడగండి. ఎవరన్నా ఆ నూనె సీసాకి ముందు మూత పెట్టండి, ఈగలు సభకొచ్చేలా ఉన్నాయి.