సైకిల్ కొనే ముందు మడమ పెట్టి చూడండి

శ్రోతలకు నమస్కారం.

సైకిల్ కొనడానికి వెళ్లినప్పుడు ముందు రంగు చూస్తాం, తర్వాత గేర్లెన్నని అడుగుతాం, ఆపైన ధర దగ్గర బేరం పెడతాం. అది మన కాలికి సరిపోతుందా లేదా అన్నది ఇంటికొచ్చాక, మోకాలు పట్టేశాక గుర్తొస్తుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ ఒక్క సంగతే. సైకిల్ మన ఒంటికి కుదరడం.

ఒకప్పుడు ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఎక్కడ చూసినా అవే నల్ల సైకిళ్లు. 22 అంగుళాల ఫ్రేము, కాదంటే 24. ఇంటికి ఒకటే సైకిల్. తాతగారూ అదే తొక్కాలి, మనవడూ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అదే తొక్కాలి. ఇప్పుడలా కాదు, ఒకే మోడల్ రెండు మూడు సైజుల్లో దొరుకుతోంది. అడగాలంతే. మనం అడగం.

మా బావగారి సంగతి చెబుతాను. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. బొబ్బర్లంకలో బయలుదేరి, లొల్ల లాకులు దాటి, గోదావరి కాలువ గట్ల వెంట పి.గన్నవరం అక్విడక్టు, అంటే గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే వంతెన దాకా సైకిల్ మీద వెళ్లాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక. రాజమండ్రిలో ఓ షాపుకి వెళ్తుంటే నన్నూ తోడు రమ్మన్నారు.

షాపతను పెద్ద వయసువాడు, పనితెలిసినవాడు. బావగారిని వెంటనే సైకిల్ ఎక్కనివ్వలేదు. "కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడండి మాస్టారూ" అన్నాడు. మొదటి సైకిల్ కడ్డీ ఒంటికి తగిలింది. దాన్ని పక్కన పెట్టేసి ఒక సైజు చిన్నది తీశాడు. ఈసారి కడ్డీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. "ఇదీ మీ ఫ్రేము" అన్నాడు.

ఇక సీటు. బావగారు ఎక్కి కూర్చుని, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేదాకా సీటు దించమన్నారు. మనలో నూటికి తొంభై మందిమి అదే అడుగుతాం కదా! అప్పుడతను అన్న మాట నాకు ఎంతో నచ్చింది. "నేలకు కాలు ఆనితే ఏం లాభం మాస్టారూ? మీరు తొక్కేది పెడల్ని కదా!"

లెక్కల మాస్టారు ఊరుకుంటారా? టేపు తెమ్మన్నారు. నేల నుంచి క్రాంకు, అంటే పెడల్ని పట్టి ఉంచే కడ్డీ, తిరిగే ఇరుసు దాకా కొలిస్తే 28 సెంటీమీటర్లు. క్రాంకు పొడవు 17. అంటే పెడల్ బాగా కిందికి దిగినప్పుడు కూడా నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నాలుగు అంగుళాల పైమాటే. కాలు నేలకు చాపుకుని కూర్చునేలా సీటు దించితే, పెడల్ మీద ఆ కాలు ఎప్పుడూ పూర్తిగా చాపుకోదు. తొక్కినంతసేపూ మోకాలు మడిచే ఉంటుంది. ఆ లెక్క తేలాక బావగారు మారుమాట లేకుండా సీటు పెంచమన్నారు.

ఎంత పెంచాలి? అక్కడే ఉంది అసలు కిటుకు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోమన్నాడు. పెడల్ని బాగా కిందికి దించి, దాని మీద మడమ పెట్టమన్నాడు. మడమ. పాదం ముందు భాగం కాదు, మడమ. కాలు నిటారుగా చాపుకోవాలి. తర్వాత మడమలతోనే పెడళ్లు వెనక్కి తిప్పమని వెనక నిలబడి నడుం చూశాడు. బావగారు అటూ ఇటూ ఒరుగుతున్నారు. పానా తీసుకుని సీటు ఓ వేలెడు దించాడు. ఒరగడం ఆగిపోయింది. ఇప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీదికి తెస్తే, మోకాలు కొంచెమే మడుస్తోంది. అంతే కావలసింది.

మరి ఆగినప్పుడు పడిపోమా అంటారేమో. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి, ఒక కాలు నేల మీద పెట్టాలి, రెండోది పెడల్ మీదే ఉంచాలి. బావగారు వీధి చివర దాకా వెళ్లి వచ్చేలోపే అలవాటు చేసుకున్నారు. ఆ శీతాకాలంలో అక్విడక్టు దాకా వెళ్లొచ్చారు కూడా.

తొక్కాక మోకాలి ముందు వైపు నొప్పి పెడుతుంటే సాధారణంగా సీటు బాగా కిందికి ఉందని, వెనక వైపు లాగుతుంటే బాగా పైకి ఉందని అనుమానించండి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా మడిచి ఉండాలి. చేతులు బిగుసుకుని, అరచేతుల మీద బరువంతా పడితే కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఊళ్లు తిరగడానికి రేసు సైకిల్ వంకీ హ్యాండిల్ అక్కర్లేదనే నా అభిప్రాయం. చవక సైకిళ్లకు తగిలించే ముందు చక్రం స్ప్రింగు ఫోర్కుల కంటే, కాస్త వెడల్పు టైర్లూ, క్యారేజీ బిగించుకునే మరల రంధ్రాలూ ఎక్కువ ఉపయోగం.

షాపుకి వెళ్లేటప్పుడు రోజూ తొక్కబోయే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి, వాటి అడుగుభాగం మందం కూడా లెక్కలోకి వస్తుంది. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది, దాన్ని దాటి పైకి లాగకూడదని. గీత బయటపడితే తప్ప మడమ లెక్క కుదరడం లేదంటే, ఆ ఫ్రేము మీకు చిన్నది. మొహమాటపడకుండా పై సైజు తీయమనండి.

సెలవు. నమస్కారం.