సంక్రాంతికి చూసే సముద్రం

అందరికీ నమస్కారం.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక మనలో చాలామంది ఇళ్లలో ఓ వారం పాటు ఒకటే మాట: "ఈ బెంగళూరు ఇక చాలు, మనూరు వెళ్లిపోదాం." మా ఇంట్లో ఆ మాట ఆరేళ్లుగా నలుగుతోంది. మా అత్తగారి ఊరు భీమిలి, విశాఖకు పాతిక కిలోమీటర్ల దూరం. పిల్లలతో సముద్రం ఒడ్డుకు వెళ్లిపోవాలనుకునేవాళ్లు అక్కడి సంక్రాంతిని చూసి నిర్ణయం తీసుకోవద్దని చెప్పడానికే ఇవాళ మాట్లాడుతున్నాను.

2024 వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. ట్యాంకర్ ఎప్పుడొస్తుందోనని తెల్లవారుజామున లేచి ఫోన్ చూసుకునేదాన్ని. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. కావేరి నీళ్లను సుమారు 100 కిలోమీటర్ల నుంచి పంపులతో ఎత్తిపోస్తే గానీ మన కుళాయి దాకా రావు. అప్పటికి మా వీధికి ఆ నీళ్లూ లేవు. ఆ టెన్షన్‌లో సామాను సర్దేయాలన్నంత దాకా వెళ్లాం. ఆపింది మా అత్తయ్యగారే. "పండక్కి కాదమ్మా, మే నెలలో వచ్చి నెల్రోజులుండండి. ఆ తర్వాత చూద్దాం" అన్నారు.

మరుసటి ఏడాది మేలో వెళ్లాం. ఇద్దరం అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకున్నాం.

స్నానం చేసి తల తుడుచుకునే లోపే మళ్లీ చెమట. మా పదేళ్ల అబ్బాయికి వీపంతా చెమటకాయలు లేచాయి. వాడి కొత్త సైకిల్ చైను ఉప్పుగాలికి మూడు వారాల్లో తుప్పు పట్టింది. రోజూ తాజా చేపలు తినొచ్చని ఆశపడ్డాం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పండగలకు మాత్రమే వెళ్లే నాకు, వేటకు వెళ్లే ఇళ్లలో ఆ రెండు నెలలు ఎంత కష్టంగా గడుస్తాయో అప్పుడే తెలిసింది.

అయినా ఆ నెలే మావాడికి తెలుగు చదవడం వచ్చింది. బడిలో కన్నడ నేర్చుకున్నాడు కాబట్టి అక్షరాలు పట్టుకోవడానికి పది రోజులు చాలింది. తలకట్టు దగ్గర మాత్రం కొంచెం తికమకపడ్డాడు. పొద్దున్నే వాళ్ల తాతయ్య పక్కన కూర్చుని పేపర్లో హెడ్డింగులు కూడబలుక్కుని చదువుతుంటే మామయ్యగారి ముఖం చూడాలి! ఆ దృశ్యానికి బెంగళూరులో ఎంత జీతమిచ్చినా సాటిరాదు. జీతాల లెక్క ఎవరిది వారిది, దాని జోలికి నేను పోను.

ఇక అక్టోబరు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. మేమిక్కడ కూర్చుని అత్తయ్యగారికి ఫోన్ చేస్తూనే ఉన్నాం. కలవలేదు. రెండు రోజుల తర్వాత ఎవరి ఫోన్ నుంచో మామయ్యగారి గొంతు వినిపించింది. కరెంటు లేదు, పెరట్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి, మేం బాగానే ఉన్నాం అన్నారు. ఆ రెండు రోజులు నేను మర్చిపోలేను. అక్కడ ఉంటే భయం వేసేది, నిజమే. కానీ వాళ్లిద్దరే ఉన్నారన్న బాధ ఉండేది కాదు. ఇప్పుడు మామయ్యగారికి 74 ఏళ్లు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే విశాఖ దాకా వెళ్లాలి, కారు నడిపే మనిషి ఇంట్లో లేరు.

నా వరకూ ఈ చివరి సంగతే అన్నిటికన్నా బరువైనది. మా అబ్బాయికి స్నేహితులంతా ఇక్కడే. వాడినీ అడిగాం. "సైకిల్ చైనుకు నూనె రాస్తే తుప్పు పట్టదా?" అన్నాడు.

ఈసారి దసరా సెలవులకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు కలిపి వెళ్తున్నాం. బడిలో అనుమతి అడిగాం. వానల్లో ఆ ఇల్లు ఎలా ఉంటుందో, కరెంటు పోతే పని ఎలా సాగుతుందో చూసుకుని వచ్చాకే ఇక్కడి ఇల్లు ఖాళీ చేసే సంగతి తేల్చుకుంటాం.