ఖాళీ అయిన సంఖ్యను మళ్లీ ఇచ్చే ముందు

మిత్రులారా, బెంగళూరులో సర్వర్ల బాధ్యత చూస్తున్న తెలుగువారి ఈ సమావేశంలో, ఒక అసలు కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లను, అంటే వర్చువల్ మెషీన్లను, నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వర్చువల్ మెషీన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య గురించి మాట్లాడదలచాను.

ఈ సంఖ్యలు 100తో మొదలవుతాయి. అంతకు తక్కువవాటిని వ్యవస్థ తన అవసరాలకే అట్టిపెట్టుకుంటుంది. పై హద్దు 99,99,99,999. వర్చువల్ మెషీన్లూ, వాటికన్నా తేలికైన కంటెయినర్లూ ఒకే వరుసలోంచి సంఖ్యలు తీసుకుంటాయి కాబట్టి, క్లస్టర్ మొత్తంలో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపంతటిలో, ఒక సంఖ్య ఒక్కదానికే చెందాలి. క్లస్టర్‌లో కొత్తగా చేరే నోడ్‌లో, అంటే సర్వర్‌లో, అప్పటికే మెషీన్లు ఉండకూడదనే నియమానికి కారణం ఇదే.

సంఖ్యలు చాలవన్న బెంగ మనలో ఎవరికీ అక్కర్లేదు. నన్ను కలవరపెట్టేది వాటి పునర్వినియోగం. కొత్త మెషీన్‌కు తెరపై సూచనగా కనబడేది మామూలుగా ఖాళీగా ఉన్న సంఖ్యల్లో అతి చిన్నది. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో పాత లెక్కల సర్వర్ 104ను తొలగించి, దాని మూడు బ్యాకప్‌లను మాత్రం భద్రంగా ఉంచామనుకున్నాం. వారం తిరక్కుండానే ఒక పరీక్షా మెషీన్‌కు అదే 104 దక్కింది. చివరి మూడు ప్రతులే మిగల్చాలన్న నియమం సంఖ్యను బట్టి లెక్కిస్తుందే తప్ప ఆ సంఖ్య వెనుక ఎవరున్నారో చూడదు. పరీక్షా మెషీన్ బ్యాకప్‌లు రాత్రికొకటి చొప్పున చేరుతూ, మూడు రాత్రులు గడిచేసరికి లెక్కల ప్రతులు ఒక్కటీ మిగలలేదు. ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఏఆర్ఎం ప్రాసెసర్లలోనూ వర్చువల్ మెషీన్లకు సంఖ్యలుంటాయి. అక్కడ కొరత నిజమైనది. మొదట 8 బిట్లు, అంటే 256 సంఖ్యలే. తరువాతి రూపాల్లో 16 బిట్లకు వీలు కలిగింది. అవి అయిపోయినప్పుడు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ సంఖ్యల పంపిణీలో కొత్త తరాన్ని, అంటే కొత్త విడతను, మొదలుపెట్టి, పాత సంఖ్యల పేరిట ప్రాసెసర్ దాచుకున్న మెమరీ చిరునామా అనువాదాలను తుడిచేసిన తరువాతే వాటిని మళ్లీ పంచుతుంది. మేము 104ను తిరిగి ఇచ్చినప్పుడు పాత ప్రతులను వేరుచేయకపోవడంతో లోపించింది సరిగ్గా ఆ జాగ్రత్తే.

దాచదలచిన బ్యాకప్‌కు ప్రాక్స్‌మాక్స్‌లో రక్షణ గుర్తు పెడితే, చివరి మూడు ప్రతులే మిగల్చే ఆ నియమం దాన్ని తొలగించదు. డేటాసెంటర్ అమరికల్లో సూచించాల్సిన సంఖ్యల కింది, పై హద్దులను మార్చుకోవచ్చు. కింది హద్దును ఇప్పటిదాకా వాడిన సంఖ్యలన్నిటికీ పైన ఉంచితే, తొలగించినవాటి సంఖ్యలు సూచనగా రావు. అయితే చేత్తో టైపు చేసే సంఖ్యకు ఈ హద్దులు అడ్డురావు. కనుక మెషీన్‌ను తొలగించిన రోజే దాని బ్యాకప్‌లకు రక్షణ గుర్తు పెట్టండి.