చలికాలం దాటి బతికే సుగంధ మొక్కలు: పెరట్లో ఎలా పెంచాలి

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ ఎండిన మొక్క సేజ్, ఆకును వంటలో వాడే సుగంధ మొక్క. మంచు కరిగాక ఈ ఉదయమే తవ్వి తీశాను. కెమెరాకు దగ్గరగా పెడతాను, వేర్లు చూడండి. నల్లబడ్డాయి. వేలితో నొక్కితే పైతొక్క జారి వచ్చేస్తోంది. చలికి చచ్చిపోయిందనే మొదట అనుకున్నాను. కానీ వేర్లు ఇలా నల్లగా, మెత్తగా ఉండటం కుళ్లు లక్షణం. ఇది నీళ్లలో నాని కుళ్లిపోయింది. ఇక్కడికి మూడడుగుల దూరంలో, కాస్త ఎత్తు మీద నాటిన మరో సేజ్ అదే చలిని తట్టుకుని ఇప్పుడు చిగురు వేస్తోంది.

అందుకే ఈ వీడియోలో ఎక్కువ సేపు మట్టి గురించే మాట్లాడతాను. శీతాకాలంలో నేల గడ్డకట్టే చోట కూడా థైమ్, సేజ్, ఒరెగానో, లావెండర్ వంటి మొక్కలను ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు ఆకు కోసుకోవచ్చు. అయితే వేర్ల దగ్గర నీరు నిలవకూడదు. ఈ నాలుగూ మధ్యధరా ప్రాంతపు మొక్కలు. రాళ్లు నిండిన, సారం తక్కువగా ఉన్న కొండవాలు నేలలకు అలవాటుపడ్డాయి. పుదీనా, చైవ్స్ (ఉల్లి జాతి సన్నాకు మొక్క), లెమన్ బామ్ (నిమ్మ వాసన వచ్చే ఆకు మొక్క) స్వభావం వేరు. వాటికి కొంచెం తేమ ఉంటేనే ఇష్టం. ఈ రెండు జట్లనూ ఒకే మడిలో నాటితే ఒకదానికి పోసే నీరు రెండోదాన్ని చంపుతుంది.

ముందుగా స్థలం. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష చేయండి. ఇలా 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంట తర్వాత కొలకర్రతో కొలవండి. నీటిమట్టం రెండున్నర సెంటీమీటర్లయినా తగ్గితే పరవాలేదు. అంతకన్నా నెమ్మదిగా ఇంకుతుంటే ఆ నేలలో నేరుగా నాటకండి, 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టండి. బంకమట్టిలో నాలుగు దోసిళ్ల ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది అనుకుంటారు. అంత తక్కువ ఇసుక కలిపితే అది ఆరాక ఇటుకలా బిగుసుకుపోతుంది. బాగా మాగిన కంపోస్టు, ముతక గులకరాళ్లు కలిపితే మేలు.

ఇక నాటడం. ఇది థైమ్ నారు. కుండీలో మట్టి ఏ మట్టం వరకు ఉందో అంతవరకే పూడ్చాలి. నేనైతే చుట్టూ ఉన్న నేలకన్నా ఒక వేలెడు ఎత్తుగానే ఉంచుతాను, మట్టి సర్దుకున్నాక కుదురు పల్లంగా మారకుండా. మొదలు చుట్టూ ఇలా సన్నని కంకర పరవండి. ఆకులు తడి నేలను తాకవు, మొదలు త్వరగా ఆరుతుంది. థైమ్ మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు, సేజ్‌కు 60 సెంటీమీటర్లు వదలండి. ఇప్పుడు బోసిగా కనిపిస్తుంది గానీ రెండో ఏడాదికి ఆ ఖాళీ నిండుతుంది. వసంతంలో నాటడమే మంచిది. శరదృతువులో నాటాలంటే నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందే పని ముగించండి, వేర్లు పట్టుకోవడానికి అంత సమయం కావాలి.

ఎరువు విషయంలో చేయి బిగించండి. నత్రజని ఎక్కువైతే ఆకు పచ్చగా, పెద్దగా వస్తుంది గానీ వాసన తగ్గుతుంది. అలా నీరుపట్టి పెరిగిన లేత కొమ్మలే మొదటి మంచుకు మాడిపోతాయి.

పుదీనాకు మాత్రం గోడ కట్టాలి. దాని వేరుకాడలు నేల అడుగున పాకుతూ పక్క మొక్కల కుదుళ్లలోకి చొరబడతాయి. అందుకే పెద్ద కుండీలో నాటి, కుండీనే మట్టిలో పాతిపెట్టాను. అంచు నేలకు ఐదు సెంటీమీటర్లు పైన ఉంచాను చూడండి. అంచు దాటి బయటికి వచ్చే తీగలను అప్పుడప్పుడు తుంచేయాలి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫ్రెంచ్ టారగన్ అని వంటలో వాడే మరో సుగంధ మొక్క ఉంది, దాని విత్తనాలు అమ్ముతున్నారంటే నమ్మకండి. ఆ మొక్క మొలకెత్తే విత్తనం ఇవ్వడం చాలా అరుదు, దుబ్బు విడదీసి గానీ కొమ్మ నాటి గానీ పెంచాలి. విత్తనం నుంచి వచ్చేది రష్యన్ టారగన్, దానికి రుచి తక్కువ. రెండోది రోజ్‌మేరీ. ఎంతో ఇష్టమైన మొక్కే అయినా దాన్ని ఈ జట్టులో చేర్చలేను. మైనస్ పది డిగ్రీల చలిలో చాలా రకాలు బతకవు. కుండీలో పెంచి, చలికాలంలో గడ్డకట్టని, వెలుతురు పడే చోటికి మార్చండి.

ఇప్పుడు కత్తెర పట్టుకుందాం. ఈ లావెండర్ కొమ్మ చూడండి. పైన పచ్చని ఆకులు, కింద ఆకు లేని గోధుమరంగు కట్టె. పూత అయ్యాక ఈ పచ్చని భాగంలోనే కత్తిరించాలి. కట్టెలోకి దిగి కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురు రావడం కష్టం. సేజ్‌కూ ఇదే వర్తిస్తుంది. చైవ్స్‌కు ఈ భయం లేదు, నేలకు రెండు వేళ్ల ఎత్తు వదిలి మొత్తం కోసినా మళ్లీ వస్తుంది. మూడు నాలుగేళ్లకు ఒకసారి దుబ్బు తవ్వి విడదీయండి, లేకపోతే నడుమ పలచబడుతుంది. ఆకు కోతకు ఉదయం మంచుబిందువులు ఆరిన వేళ మంచిది. మొక్కలో మూడో వంతుకు మించి ఒకేసారి తీయకండి. మొదటి మంచుకు ఆరు వారాల ముందు గట్టి కత్తిరింపులు ఆపేయండి, అప్పుడు వచ్చే చిగురు ముదరడానికి సమయం చాలదు.

చలికాలపు కప్పు వేయడంలో అందరం తొందరపడతాం. నేల ఇంకా వెచ్చగా ఉండగానే గడ్డి కప్పితే కింద తేమ చేరి మొదలు కుళ్లుతుంది. పైమట్టి గడ్డకట్టాక కప్పండి. నేల కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ ఉంటే మట్టి ఉబ్బి చిన్న మొక్కలను వేర్లతో సహా పైకి నెట్టేస్తుంది. కప్పు పని ఆ మార్పును ఆపడమే. వదులుగా ఉండే గడ్డి గానీ దేవదారు రెమ్మలు గానీ వాడండి, తడిసి అట్టకట్టే ఆకులు వద్దు.

వసంతం వచ్చాక కప్పు తీస్తే మొక్క ఎండిన పుల్లల్లా కనిపిస్తుంది. వెంటనే పీకేయకండి. ఈ థైమ్ కొమ్మను గోటితో గీకుతున్నాను, చూడండి. తొక్క కింద పచ్చగా ఉంది, అంటే ప్రాణం ఉంది. గోధుమరంగు కనిపిస్తే ఇంకాస్త కిందికి దిగి గీకండి. టారగన్, పుదీనాల్లో పై కాడలు మామూలుగానే చచ్చిపోతాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు, నేల వెచ్చబడ్డాక మట్టిలోంచి మొలకలు వచ్చేదాకా ఆగాలి. నేను వాటి పక్కన పేరు రాసిన పుల్ల గుచ్చి ఉంచుతాను, ఖాళీ అనుకుని ఎవరూ పలుగు దించకుండా.