థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లబడదు

[తెర మీద: చేతిలో పాత థర్మోస్టాట్ వాల్వ్, వెనుక రేడియేటర్ కనబడేలా ముందు కవరు విప్పిన యూటీవీ]

నమస్కారం. ఎండలు ముదిరేకొద్దీ విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనూ, గుంటూరు మిర్చి యార్డు దారిలోని మెకానిక్కుల దగ్గరా ఒక మాట మళ్లీ మళ్లీ వినబడుతూ ఉంటుంది: “థర్మోస్టాట్ వాల్వ్ పీకేశామండీ, ఇక మీ బండి హీటెక్కదు.” తోటల్లో సరుకు మోస్తూ తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి, అంటే యూటీవీ, కానివ్వండి, మినీ ట్రాక్టరు కానివ్వండి, బస్తాలు మోసే చిన్న ట్రక్కు కానివ్వండి, మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్తోందని చెప్పగానే మొదట జరిగే వైద్యం ఇదే. థర్మోస్టాట్ వాల్వ్ అంటే ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు వెళ్లే నీటి దారిని తెరిచి మూసే చిన్న తలుపు. దాన్ని పీకేయడం తప్పుడు వైద్యం. చాలా ఇంజన్లలో దీనివల్ల అసలు జబ్బు తగ్గకపోగా పెరుగుతుంది.

పీకేసేవారు చెప్పే వాదన ఏమిటంటే, ఆ వాల్వ్‌ను చలి దేశాల కోసం పెట్టారని, 45 డిగ్రీల ఎండ కాసే మన ఊళ్లలో దానితో పని లేదని. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఇంజన్ సక్రమంగా పనిచేయవలసిన ఉష్ణోగ్రత బయటి వాతావరణాన్ని బట్టి మారదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఆ అంకె వాల్వ్ మీదనే ముద్రించి ఉంటుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం స్టార్ట్ చేసినా, ఆ క్షణానికి ఇంజన్ తనకు కావలసిన వేడికి దాదాపు 40 డిగ్రీలు తక్కువలోనే ఉంటుంది. పైగా ఇంజన్ బాగా వేడెక్కేసరికి ఆరోగ్యంగా ఉన్న థర్మోస్టాట్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. తెరుచుకుని ఉన్న తలుపును ఊడబీకడం వల్ల అదనంగా వచ్చే లాభం ఏమిటో ఆలోచించండి.

[తెర మీద: ఇంజన్, బైపాస్, రేడియేటర్ దారులు చూపే బొమ్మ]

కృష్ణా డెల్టాలో సేద్యం చేసేవారికి తూము సంగతి నేను చెప్పనక్కరలేదు. ఈ విషయమంతా కాలువ లెక్కనే చూద్దాం. ఇంజన్ నుంచి బయటికి వచ్చే వేడినీరు ప్రధాన కాలువ అనుకోండి. దానికి రెండు దారులు ఉంటాయి. ఒకటి, ఎగువనే పొట్టిగా తిరిగి, నీటిని తిప్పే పంపు దగ్గరికి చేరిపోయే బైపాస్. ఇది కాలువ మొదట్లోనే ఉన్న పిల్లకాలువ వంటిది. రెండవది, పొడవైన గొట్టం గుండా రేడియేటర్‌లోకి వెళ్లి, సన్నని నాళాలన్నీ తిరిగి వచ్చే దారి. ఇది శివారు ఆయకట్టు. థర్మోస్టాట్ అనేది ఈ రెండు దారుల నడుమ నిలబడి తూములు ఎత్తి దించే కాలువ ఉద్యోగి, అంటే లస్కరు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు శివారు తూము మూసి, నీటిని బైపాస్ గుండా తిప్పుతాడు. వేడెక్కగానే శివారు తూము ఎత్తుతాడు. చాలామంది గమనించని సంగతి ఇక్కడ ఉంది: చాలా ఇంజన్లలో అదే కాడకు అడుగున ఇంకొక పళ్లెం ఉంటుంది, పై తలుపు తెరుచుకునేకొద్దీ ఆ పళ్లెం దిగి బైపాస్ నోటిని మూసేస్తుంది. అంటే శివారుకు నీరు వదలడంతోపాటు ఎగువ పిల్లకాలువను కట్టేయడం కూడా ఆ లస్కరు పనే.

ఇప్పుడు లస్కరును తీసేశారు. రెండు తూములూ రాత్రింబగళ్లు తెరిచే ఉన్నాయి. నీరు ఎటు వెళ్తుంది? అడ్డు తక్కువగా ఉన్న వైపుకు వెళ్తుంది. ఎగువ రైతు తూము బార్లా తెరిస్తే శివారు చేను ఎండినట్టే, రేడియేటర్‌కు చేరవలసిన వేడినీటిలో కొంత భాగం బైపాస్ గుండా, చల్లబడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వచ్చేస్తుంది. మామూలు పరుగులో ముల్లు కిందికి దిగినట్టు కనబడవచ్చు. అదే బండి నిండా బరువుతో గట్టు ఎక్కేటప్పుడు మునుపటికంటే త్వరగా కాగిపోతుంది. ఇక్కడ ఇంకొక అపోహను కూడా తీసివేయాలి. వాల్వ్ లేకపోతే నీరు మరీ వేగంగా పోయి రేడియేటర్‌లో చల్లబడే తీరిక ఉండదని కొందరు వివరిస్తారు. ఆ వివరణ సరికాదు, ప్రవాహం పెరిగితే రేడియేటర్ బయటికి పంపే మొత్తం వేడి పెరుగుతుందే గాని తగ్గదు. దోషం వేగానిది కాదు, దారి తప్పడానిది.

ఆ చిన్న వాల్వ్ పనిచేసే తీరు నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. అందులో కరెంటు లేదు, తీగ లేదు. ఇత్తడి లేదా రాగి గుళిక లోపల ప్రత్యేకమైన మైనం ఉంటుంది. నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర అది కరిగి ఉబ్బి, కాడను బయటికి నెడుతుంది; చల్లబడగానే స్ప్రింగు దానిని వెనక్కు లాగుతుంది. అది బాగుందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. గిన్నెలో నీరు పోసి, వాల్వ్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి మరిగించండి. ముద్రించిన అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి, ఖాళీగా వదలకూడదు. బిగించేటప్పుడు మైనపు గుళిక ఇంజన్ వైపుకు ఉండాలి, గాలి పోవడానికి ఇచ్చిన చిన్న రంధ్రం పైకి ఉండాలి. ఈ రంధ్రం కిందికి పెడితే గాలి లోపలే చిక్కుకుని కొత్త వాల్వ్ వేసినా బండి కాగుతుంది, అప్పుడు నింద మళ్లీ వాల్వ్ మీదికే వస్తుంది.

వాల్వ్ లేని బండి తేలిక పనుల్లో ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది, అదికూడా నష్టమే. ఇంజన్ చల్లగా ఉందని సెన్సార్ చెబుతూ ఉంటే, పెట్రోల్ ఇంజక్షన్ ఉన్న బండిలో కంప్యూటర్ అవసరానికి మించి ఇంధనం పంపుతూనే ఉంటుంది. సరిగా కాలని ఇంధనం సిలిండరు గోడల వెంబడి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. ఈ అరుగుదల వాల్వ్ తీసిన నాడు కనబడదు గనుకనే ఆ అలవాటు ఇన్నాళ్లూ నిలిచింది.

[తెర మీద: లోపల తెల్లని పెచ్చు కట్టిన రేడియేటర్ ముక్క]

మరి బండి ఎందుకు కాగింది? మన ప్రాంతంలో మొదట అనుమానించవలసింది బోరు నీటిని. పల్నాడు నేల కింద సున్నపురాయి పొరలు ఉన్నాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు ఆ రాయే. ఆ రాతిలో ఊరిన నీటినే మనం రేడియేటర్‌లో పోస్తున్నాం. నీరు వేడెక్కినప్పుడల్లా అందులోని సున్నం గోడలకు పట్టి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు ఇనుముతో పోలిస్తే వేడిని ఇరవయ్యో వంతు కూడా దాటనివ్వదు. మన కాలువ మాటల్లో చెప్పాలంటే శివారు కాలువ పూడిపోయింది. పూడిక తీయకుండా లస్కరును ఉద్యోగం నుంచి తీసేస్తే నీరు రాదు గదా.

కాబట్టి కూలెంట్ వాడండి, కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకనేవారు అందులో తుప్పు ఆపే రసాయనాలు ఉంటాయని మరిచిపోతున్నారు. కూలెంట్‌లోని ముఖ్య ద్రవమైన ఇథిలిన్ గ్లైకాల్, నీరు సగం సగం కలిపితే మరిగే స్థానం కూడా దాదాపు 107 డిగ్రీలకు పెరుగుతుంది. అలాగని నీరు కలపకుండా చిక్కని కూలెంట్ మొత్తం పోయడమూ పొరపాటే, ఎందుకంటే అంతే బరువున్న నీరు మోసే వేడిలో గ్లైకాల్ 60 శాతం కూడా మోయలేదు. కొన్ని డబ్బాల్లో ముందే నీరు కలిపి అమ్ముతారు, లేబుల్ చదవండి. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు రకాలు కలపవద్దు. పాత కూలెంట్‌ను పొలం కాలువలో పారబోయవద్దు; అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు తాగితే చచ్చిపోతాయి.

రేడియేటర్ మూత గురించి ఎవరూ మాట్లాడరు. దాని మీద 0.9 అని ఉంటే, అది లోపల బయటి గాలి కంటే 0.9 బార్ ఎక్కువ పీడనం నిలబెడుతుంది, ఆ పీడనంలో మామూలు నీరు కూడా సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. రబ్బరు గట్టిపడి మూత పీడనం వదిలేస్తే, 100 దగ్గరే మరిగి పొంగుతుంది. తక్కువ ఖర్చుతో మార్చగలిగిన ఈ మూతను వదిలి రేడియేటర్ మొత్తం మార్పించినవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూతను తిప్పకండి. కాగిన ఇంజన్ మీద చల్లనీళ్లు కుమ్మరించకండి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ పగలవచ్చు.

బండి ఎప్పుడు కాగుతోందన్నది చెప్పగలిగితే సగం పని అయినట్టే. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లోనే కాగి, రేడియేటర్ పై గొట్టం ఇంకా చల్లగానే ఉంటే, థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి చిక్కుకుని ఉండాలి, లేదా పంపు పోయి ఉండాలి. బరువు లాగేటప్పుడు మాత్రమే కాగితే రేడియేటర్ లోపల పెచ్చు గానీ, బయట రెక్కల మధ్య దుమ్ము గానీ కారణం. నిలబడి ఉన్నప్పుడు కాగి, పరిగెత్తేటప్పుడు తగ్గితే ఫ్యాన్‌ను చూడండి: బెల్టు వదులైందా, ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఫ్యూజు, రిలే, సెన్సార్ బాగున్నాయా అని. ఇంజన్ నడుస్తుండగా కూలెంట్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడినా హెడ్ కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందని అనుమానించాలి. ఇక బండి నడపకుండా షెడ్డుకు లాగించండి.

యూటీవీ నడిపేవారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బండి నెమ్మదిగా వెళ్తుంది గనుక ఎదురుగాలి దొరకదు, భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. చాలా మోడళ్లలో రేడియేటర్ ముందు భాగంలో ఉండి బురద, గడ్డి, మిర్చి తోటల దుమ్ము అన్నిటినీ ముందుగా తానే తింటుంది. దాన్ని వెనుక నుంచి ముందుకు, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, మామూలు గొట్టం నీటితో కడగాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

[తెర మీద: సీవీటీ బెల్టు]

సమయం అయిపోవస్తోంది గనుక మిగిలినవి త్వరగా చెబుతాను. పోలారిస్ రేంజర్ వంటి యూటీవీలలో ఇంజన్ శక్తిని చక్రాల వైపుకు పంపుతూ, వేగాన్ని బట్టి తానే గేరు మార్చే రబ్బరు బెల్టు, అంటే సీవీటీ బెల్టు, ఉంటుంది. ఇంజన్ ముల్లు మామూలుగానే ఉండి రబ్బరు కాలిన వాసన వస్తే, కాగుతున్నది బెల్టు, ఇంజన్ కాదు. బరువు లాగేటప్పుడు, నెమ్మదిగా వెళ్లేటప్పుడు లో గేరు వాడాలి, బెల్టు పెట్టెకు గాలి వచ్చే గొట్టం మూసుకుపోకుండా చూడాలి. రోజంతా నెమ్మదిగా బరువు లాగే పని అయితే కుబోటా ఆర్‌టీవీ డీజిల్ మోడళ్లలో ఉన్నట్టి హైడ్రోస్టాటిక్ గేరు, అంటే బెల్టుకు బదులు ఆయిల్ పీడనంతో శక్తిని పంపే గేరు, ఉన్నది మేలు. బెల్టు గొడవ ఉండదు, కానీ దాని ఆయిల్, ఫిల్టర్ గడువు దాటనివ్వకూడదు. కొనేముందు హార్స్‌పవర్ అడగడం కంటే, రేడియేటర్‌ను విప్పకుండా కడగడానికి చెయ్యి దూరుతుందా, థర్మోస్టాట్, మూత, బెల్టు ఆటోనగర్‌లో దొరుకుతాయా లేక వారాల తరబడి తెప్పించుకోవాలా, రోడ్డు మీద నడపడానికి రిజిస్ట్రేషన్ వస్తుందా అని అడగండి. పాత బండి అయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత విప్పి లోపల తుప్పు నీరు ఉందేమో చూడండి, థర్మోస్టాట్ ఉందో లేదో హౌసింగ్ విప్పించి మరీ చూడండి. ఆ తరువాతే ధర మాట్లాడండి.